ఒక్కరోజు లైసెన్సు

గోదావరిలో నలభై ఏళ్లు వల వేసిన మామగారు స్తెఫను ఐర్లండు చూడటానికి వస్తే, ఆయన చేత ఇక్కడి ఏట్లో గాలం వేయించాలని ఎడ్వర్డ్ ముచ్చటపడ్డాడు. ఎన్నిస్‌లోని గాలాల కొట్టులో ఆయన పేరు రాయించి, సాల్మన్ చేపలు పట్టడానికి ఒక్కరోజు లైసెన్సు తీసుకున్నాడు. ధర విని మామగారు మొహం చిట్లించారు.

"ఆ డబ్బెడితే వారానికి సరిపడా చేపలొస్తాయండి అల్లుడుగారూ."

ఇంట్లో ఎడ్వర్డ్ భార్య జెమీమా మాత్రం నాన్న తెచ్చే చేపకని పొద్దున్నే చింతపండు నానబెట్టింది.

మధ్యాహ్నానికి మూరెడు సాల్మన్ పడింది. ఆయన దాన్ని సంచిలో వేయబోతుండగా ఎడ్వర్డ్ ఒడ్డున ఉన్న బోర్డు చదివి గతుక్కుమన్నాడు. లైసెన్సు ఉన్నా సరే, ఈ ఏట్లో పట్టిన చేపను తిరిగి నీళ్లలోనే వదిలేయాలట.

"వదిలేసే చేపకా అంత డబ్బు కట్టారు?" అని మామగారు గొణుక్కున్నారు. అయినా చేపను రెండు చేతులతో నీళ్లలో పట్టుకుని, అది తోక ఆడించేదాకా ఆగి, మెల్లగా వదిలారు.

కారు దగ్గర ఎడ్వర్డ్ తనమీద తనకే ఒళ్లు మండి, లైసెన్సు కాగితాన్ని ఉండచుట్టి చెత్తబుట్టలో వేయబోయాడు. మామగారు చెయ్యి పట్టుకుని ఆపారు. తడి చేతులు చొక్కాకి తుడుచుకుని, కాగితాన్ని మోకాలి మీద పెట్టి ముడతలు సాపుచేశారు.

"అక్కడ పడవ షావుకారుది, వల షావుకారుది, రేవు వేలంపాట పాడుకున్నోడిదండి. చేపలు పట్టుకోమని నా పేరు రాసిచ్చిన కాగితం ఇదొక్కటేనండి." కాగితం మడతపడకుండా రెండు చేతులతో పట్టుకుని అడిగారు, "ఈ ఊళ్ళో లామినేషన్ ఎక్కడ చేస్తారండి?"