బాగానే ఉందంట

నజ్మా చేటలో కందిపప్పు పోసుకొని రాళ్లు ఏరుతోంది. పక్కన పీట మీద టెట్ పుస్తకం తెరిచి ఉంది. పొయ్యి దగ్గర్నుంచి జాహిదా రోజూ అడిగే మాటే అడిగింది.

"నజ్మా, గ్రూపులో ఏమన్నా పెట్టినారా? దూద్‌మాకు ఎట్లుందంట?"

"బాగానే ఉందంట అమ్మీ. జ్వరం తగ్గిందంట," అంది నజ్మా, తల ఎత్తకుండా.

దూద్‌మా, అంటే పాలిచ్చిన తల్లి కురిచేడు ఖాసింబీ, జాహిదాకు చుట్టం కాదు, అంతకంటే ఎక్కువ. జాహిదా కన్నతల్లి పురిటి జ్వరంతో మంచం పట్టినప్పుడు, పక్కింటి ఖాసింబీ తన కొడుకు రెహమాన్‌తో పాటు ఈ పిల్లకూ పాలిచ్చి బతికించింది. పాలిచ్చినామె తల్లే, ఆమె కొడుకు అన్నే. ఖాసింబీ మంచాన పడినప్పటి నుంచి, చదువు రాని జాహిదాకు బంధువుల వాట్సాప్ గ్రూపే కబురు. ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను, అది కూతురిది.

ఆ ఫోనులో ఇప్పుడు వాట్సాప్ లేదు. టెట్ దగ్గర పడింది. రీల్స్ చూస్తా కూర్చుంటే పొద్దు ఎప్పుడు గూకేదో తెలిసేది కాదు. ఇన్‌స్టా తీసేస్తే వేలు స్టేటస్‌ల మీదికి పోయింది. దాంతో వాట్సాప్ గూడా పీకేసింది. నిజంగానే మనసు కుదురుకుంది. చదివింది చదివినట్టు ఎక్కుతోంది. అమ్మీకి చెబితే మళ్లీ పెట్టమంటుంది, పెడితే కథ మళ్లీ మొదటికొస్తుంది. పరీక్ష అయ్యేదాకానే గదా అనుకొంది. మొదటిసారి "బాగానే ఉందంట" అన్నప్పుడు గొంతు తడబడింది. తర్వాత్తర్వాత అదీ లేదు. జ్వరం తగ్గిందనేది మాత్రం ఈరోజే కలిపింది, అమ్మీ సంతోషపడుతుందని.

గడప దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది. జాహిదా చిన్నాయన కూతురు, గిద్దలూరు అఫ్రోజ్, సంచితో లోపలికొచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఏం ఆపా, అంత రాతి గుండె ఎక్కడిది నీకు? కురిచేడు ఏమన్నా దుబాయ్‌లో ఉందా?"

"ఏందే, వస్తానే కొట్లాట? కూర్చో, చాయ్ తాగుదువు."

"చాయ్ వద్దు, ఏం వద్దు. నిన్న దూద్‌మా ఆఖరి చూపుకు ఊరంతా వచ్చె, పాలు తాగినదానివి నువ్వు రాకపోతివి! 'జాహిదా చూడాల' అని రెహమానన్న పొద్దుగూకేదాకా జనాజా ఎత్తనీలే. మొహం మీద గుడ్డ కప్పనీలే."

జాహిదా అఫ్రోజ్ వైపు తిరిగింది. "నాకెవరూ చెప్పలేదే!"

"పొద్దున్నే గ్రూపులో పెట్టినారు గదా. రెహమానన్న ఎవరిదో ఫోనులోంచి రెండుసార్లు గూడా చేసినాడంట, ఎత్తలేదంట. నజ్మా చూళ్లేదా?"

నిన్న నజ్మా ఫోనును సైలెంట్‌లో పెట్టి బీరువాలో పడేసి చదువుకుంది. సాయంత్రం చూస్తే తెలియని నంబరు. ఏదో కంపెనీ వాళ్లేలే అనుకొంది.

"ఇప్పుడే గదా తగ్గిందంట అంటివి?" అంది జాహిదా.

"గ్రూపు తీసేసినా అమ్మీ... చదువుకునేదానికి."

"మరి తగ్గిందని ఎవరు చెప్పినారు?"

నజ్మా చేట కింద పెట్టింది.

జాహిదా పొయ్యి ఆపింది. మేకుకున్న బురఖా తీసి తొడుక్కుంది.

"ఇప్పుడు పోయి ఏం చూస్తావాపా? మట్టి గూడా అయిపాయె," అంది అఫ్రోజ్.

"అమ్మీ, తిట్టు. కొట్టన్నా కొట్టు. నేనూ వస్తా," నజ్మా లేచి అడ్డం నిలబడింది.

జాహిదా బురఖా గుండీ ఒకటి తప్పు పెట్టుకొని, ఊడదీసి మళ్లీ పెట్టుకుంది. కూతురి పక్కనుంచి తప్పుకొని చెప్పులేసుకుంది. స్టేషన్‌కు పోయే ఆటోలు ఆగే వైపుగా సందులోకి దిగి వెళ్లిపోయింది.