తాళంపెట్టె పెట్టి చేసిన కసరత్తు

కింది వాటాలో ఉండే టైలరమ్మ చెప్పిందని పాలావిడ మోసుకొచ్చిన మాటేమిటంటే, ఫిడేలాయనకు మతి చలించిందట. తెల్లారగానే గోడకు అరచేతులు ఆనించి, అదెక్కడ మీద పడుతుందో అన్నట్టు నిలబడుతున్నాడట. పక్కన ఏదో పెట్టె టిక్కుటిక్కుమంటుంటే, దానికి తగ్గట్టు చేతులు విరుచుకుంటున్నాడట.

మతి నిక్షేపంగా ఉంది. మొరాయించింది ఎడమ మణికట్టు. వాద్యబృందంలో ముందు కుర్చీ ఖాళీ అయింది. పదిహేనేళ్లుగా మూడో వరసలో కూర్చున్న మనిషి దాని మీద ఆశపడటం తప్పేమీ కాదు. ఆ కుర్చీకి ఎవరు తగుదురో వాయించి చూపించే పరీక్ష శనివారం. అందుకని పూటకు నాలుగేసి గంటలు, మంచినీళ్లు కూడా ముట్టకుండా వాయించేసరికి చిటికెనవేలు చెప్పిన మాట వినడం మానేసింది.

ఆయన అక్క కూతురు ఆసుపత్రిలో రోగులకు కసరత్తులు చేయిస్తుంది. ఆ పిల్ల వచ్చి చూసి, అరగంటకోసారి ఫిడేలు కింద పెట్టమంది. భుజాలు వదులు చేసుకుని, నీళ్లు తాగమంది. గోడకు అరచెయ్యి ఆనించి, పదంకెలు మెల్లగా లెక్కపెట్టి తీసెయ్యమంది. పొద్దున మూడుసార్లు, సాయంత్రం మూడుసార్లు. నొప్పి తెలిస్తే అక్కడే ఆపాలి.

ఆయన బుద్ధిగా తలూపాడు. కాని పుట్టి బుద్ధెరిగాక ఏ పనినీ మూడుసార్లతో వదిలినవాడు కాడు. కష్టమైన వరస పట్టుబడాలంటే ముందు నిదానంగా వాయించాలి, తర్వాత టిక్కుటిక్కుమని లయ చూపే తాళంపెట్టె వేగాన్ని ఒక్కో మెట్టూ పెంచుకుంటూ పోవాలి, చెయ్యి లాగుతున్నా వదలకూడదు. ఆయనకు తెలిసిన విద్య అదే. కసరత్తునూ అలాగే సాధన చేశాడు. మొదటిరోజు ముప్పై, మర్నాడు అరవై, నాలుగోరోజుకు నూట ఇరవై, అదీ రెట్టింపు వేగంతో. భార్య వద్దంటే, మందు ఎక్కువ పడితే జబ్బు తొందరగా పోతుందన్నాడు. ఉప్పు ఎక్కువ పడితే కూర తొందరగా ఉడుకుతుందా అని ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది.

గురువారం పొద్దున మణికట్టు రొట్టెలా పొంగింది. గ్లాసు పట్టుకోబోతే జారిపోయింది.

మేనకోడలు మళ్లీ వచ్చి, చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, ఎన్నిసార్లు చేశావని అడిగింది. ఆయన తాళంపెట్టె ముందుకు జరిపి, ఎంత వేగం దాకా వచ్చాడో కాస్త గర్వంగానే చూపించాడు. ఆమె నవ్వలేదు. మూడు వారాలు ఫిడేలు ముట్టుకోవద్దంది. ఆయన బతిమాలాడు.

"శనివారం ఒక్కరోజుకి గట్టిగా కట్టు కట్టవే. పావుగంట వాయిస్తే చాలు. తర్వాత నెల్లాళ్లు నువ్వు కూర్చోమంటే కూర్చుంటా, నుంచోమంటే నుంచుంటా."

ఎన్నడూ ఆయన పక్షం వహించని భార్య కూడా, ఏదైనా దారి చూడమని ఆ పిల్ల గడ్డం పట్టుకుంది.

మేనకోడలు బల్ల మీది ఫోను తీసి ఆయన కుడిచేతిలో పెట్టింది.

"పరీక్షకి రాలేనని నువ్వే చెప్పు మావయ్యా. ఇప్పుడే చెప్పు. ఆ చేత్తో వాయించావంటే మూడో వరసలో కుర్చీ కూడా ఉండదు నీకు."