ఉప్పు పడని గంగాళం

పాస్టరు భార్య చేసిన పిండి ఉండలతో కుక్కల్ని తరమొచ్చని పదిమందిలో అన్నందుకు మిస్ అయోనీని చర్చి వంటగదిలోంచి సాగనంపారు. అన్నది నిజమే కాబట్టి ఆవిడ క్షమాపణ చెప్పలేదు. కానీ ఇంట్లో ఊరికే కూర్చోవడం ఆవిడ వల్ల కాలేదు. ఒక్క మనిషికి వండటం ఆవిడ చేతికి రాదు. గుప్పెడు కందులతో మొదలుపెడితే కుండ నిండేది. ఆవిడ గిన్నె పట్టుకుని వీధిలోకి వస్తోందంటే చాలు, ఇరుగుపొరుగు తలుపులు వేసుకునేవారు.

అందుకే స్పానిష్ టౌన్ బజారు వెనక ప్రతి శనివారం లేనివాళ్లకి తిండి పెట్టే, రాస్తా మతం పాటించే పెద్దాయన ఎల్కానా దగ్గరికి వెళ్లి, గరిటె తనకిమ్మని అడిగింది.

"మా గంగాళంలో మాంసం పడదు, చేప పడదు, పాలు పడవు," అన్నాడాయన, నెరిసిన జడలు టోపీలోకి తోసుకుంటూ.

"తెలుసు."

"ఉప్పు కూడా పడదు."

"మీ రాస్తాల ఐటల్ పథ్యం ఏమిటో నాకు చెప్తున్నావా? నేనేమన్నా నిన్న ఓడ దిగానా పెద్దాయనా?"

"అయితే ఈ శనివారం చూస్తాను. కుదిరితే గరిటె నీదే."

శనివారం పొద్దున్నే మూడు రాళ్ల మీద గంగాళం ఎక్కింది. కొబ్బరిపాలలో కందులు, పెండలం దుంపలు, పచ్చి అరటికాయలు, గుమ్మడి ముక్కలు ఉడుకుతున్నాయి. పైన ఒక్క పండుమిరపకాయ చిట్లకుండా తేలుతోంది. తోటకూరలాంటి కాలలూ ఆకు కోసి పక్కన పెట్టుకుంది అయోనీ. వాసనకి బజారు సగం లేచి వచ్చింది.

"ఏయ్ పెర్లీన్! వరసలోకి రా! నీ నెత్తినేమన్నా కిరీటం పెట్టారా?" అని అరుస్తూ అయోనీ ఏప్రన్ జేబులో చెయ్యి పెట్టి, తీసి, గంగాళంలోకి విదిలించింది. తర్వాత వేళ్లు నాక్కుంది.

ఉప్పగా తగిలింది.

వాళ్లమ్మ హయాం నుంచీ ఆ ఇంటి ఏప్రన్ జేబుల్లో ఉప్పే ఉంటుంది. చేతికి దారి అలవాటు. అది యజమానురాలిని అడగలేదు.

ఎల్కానా అప్పుడే సొరబుర్ర గిన్నెలు మోసుకొస్తున్నాడు. అయోనీ చెయ్యి గబగబా ఏప్రన్‌కి తుడిచేసుకుంది. ఇంతలోనే ఒక సంగతి గుర్తొచ్చింది. అందరూ తిన్నాకే ఆయన తింటాడు. అది ఆయన నియమం. ఆయన వంతు వచ్చేలోపు గంగాళం ఖాళీ అయితే సరి!

ఇక ఆవిడ గరిటెకి పూనకం వచ్చింది.

"చాలు మిస్ అయోనీ, పొర్లిపోతోంది!"

"తిను, మాట్లాడకు. మళ్లీ రా."

మళ్లీ వచ్చారు. గిన్నెలు నాకి మరీ వచ్చారు. పండ్లమ్మే పెర్లీన్ మూతి తుడుచుకుంటూ, "పెద్దాయనా, ఈవిడని ఇన్నాళ్లూ ఎక్కడ దాచావయ్యా? ఇదివరకు నీ కూడు తింటే పుణ్యం వచ్చేది. ఇవాళ ఆకలి వస్తోంది!" అంది.

ఎల్కానా గడ్డంలో నవ్వుకున్నాడు. అయోనీ గంగాళం అడుగు వైపు చూసుకుంది. ఇంకాసేపు గడిస్తే గట్టెక్కినట్టే.

అప్పుడొచ్చాడు ముసలి ఎజెకిల్, కర్ర తాటించుకుంటూ.

"పొయ్యమ్మా. డాక్టరమ్మ నా బీపీ చూసి కళ్లు తేలేసింది. ఉప్పు ముట్టుకుంటే పోతావంది. ఈ ఊళ్లో నేను భయం లేకుండా తినేది ఇక్కడొక్కచోటే."

గరిటె గాల్లోనే ఆగిపోయింది.

"పొయ్యవేం? నేనేం పాపం చేశాను?"

"నువ్వు కాదు తాతా, నేను చేశాను," అంది అయోనీ. దాచినా లాభం లేదు. "ఇందులో ఉప్పేశాను. కావాలని కాదు, చెయ్యే వేసేసింది."

వరసంతా చేతుల్లోని గిన్నెల వంక చూసుకుంది. పెర్లీన్ తప్ప. "అదీ సంగతి! లేకపోతే నేను మూడోసారి వస్తానా?"

అందరూ నవ్వారు. ఎల్కానా నవ్వలేదు. అయోనీ గరిటె కడిగి ఆయన చేతిలో పెట్టేసింది. ఏప్రన్ మాత్రం విప్పలేదు. ముసలాయన ఆకలితో నిలబడి ఉన్నాడు మరి.

సీమపనస కాయొకటి నిప్పుల్లో పడేసింది. చిన్న గిన్నె కడిగి, మిగిలిన కొబ్బరిపాలు పోసి, కాలలూ ఆకు, ఉల్లికాడలు, వాము వాసన కొట్టే థైమ్ రెమ్మలు వేసింది. ఒక్క మనిషికే కదా అనుకుంది. ఇంకో పిడికెడు ఆకు వేసింది. ఇంకాస్త గుమ్మడి. గిన్నె సరిపోక పెద్దది తెచ్చుకుంది.

ఎజెకిల్ తిన్నాడు. రెండోసారి పెట్టించుకుని తిన్నాడు. తేన్చాడు. అయినా గిన్నెలో మిగిలింది.

"ఇది కూడా నీ చెయ్యే చేసిందా?" అంటూ ఎల్కానా వచ్చి ఆవిడ పక్కన చతికిలబడ్డాడు. పొద్దుటినుంచీ ఆయన కడుపులో ఏమీ లేదు. ఉప్పు పడ్డ గంగాళం ఎలాగూ ముట్టడు. గిన్నె ఒళ్లో పెట్టుకుని చివరి చుక్కదాకా తిన్నాడు.

అయోనీ ఆయన మొహం వంకే చూస్తోంది.

ఆయన గరిటె తీసి ముందుకు చాచాడు. ఆవిడ అందుకోబోతే వెనక్కి లాక్కున్నాడు.

"ముందు ఆ జేబు."

అయోనీ అక్కడే కత్తి తీసుకుని కుట్లు విప్పేసింది.

మరుసటి శనివారం గంగాళం పొంగుతుండగా ఆవిడ చెయ్యి మామూలు దారిన పోయి, నడుము దగ్గర తడుముకుని, దారప్పోగు ఒకటి పట్టుకుని తిరిగొచ్చింది.

"పోయిన వారం చెయ్యి ఏదీ?" అని వరసలోంచి కేకేసింది పెర్లీన్.

"దానికి బీపీ వచ్చిందిలే," అంది అయోనీ, ఇంకో గుప్పెడు థైమ్ తుంచి వేస్తూ.