లెక్కలోకి రాని పిల్ల

పరీక్షలు దగ్గర పడేకొద్దీ ఆ బడిలో ఒక పని గుట్టుగా జరిగిపోయేది. పదో తరగతి తప్పుతారనుకున్న పిల్లల తల్లిదండ్రులను పిలిపించి, "ఈ ఏడాదికి మాన్పించండి, తర్వాత ప్రైవేటుగా కట్టిద్దాం" అని మెత్తగా నచ్చజెప్పేవారు. దాంతో గేటు పక్కన బోర్డు మీద 'నూటికి నూరు శాతం ఉత్తీర్ణత' అని ఏటా రాసుకునే వీలు చిక్కేది. దారిన పోయేవాళ్ళు ఆ బోర్డు చూసి మెచ్చుకునేవారే గానీ, దాని మీదికి ఎక్కని పిల్లలు ఏమయ్యారని అడిగిన పాపాన పోలేదు.

లెక్కల మాస్టారికి ఈ సంగతి తెలుసు. తెలిసీ పట్టించుకోవడం మానేశారు.

మొదట్లో ఆయన ఇలా ఉండేవారు కాదు. గంట కొట్టినా క్లాసు వదలని మనిషి. ఇప్పుడు గంట కొట్టకముందే సుద్దముక్క కింద పెట్టేస్తున్నారు. క్లాసులో ఉన్నంతసేపూ బల్ల దగ్గర్నుంచి కిటికీ దగ్గరికి, కిటికీ దగ్గర్నుంచి బల్ల దగ్గరికి తిరుగుడే. మాటిమాటికీ చేతి గడియారం చూసుకుంటారని పిల్లలు 'గడియారం సారు' అని పేరు పెట్టారు. ఆ పేరు ఆయన చెవినా పడింది. కోపం రాలేదు. రానందుకే ఆయనకు భయమేసింది.

బావమరిది సరుకు రవాణా ఆఫీసు పెట్టి బాగా పైకొచ్చాడు. "బావా, ఆ కేకలు, ఆ సుద్దపొడి ఇంకెన్నాళ్ళు? మా ఆఫీసుకొచ్చెయ్. హాయిగా కుర్చీలో కూర్చునే పని" అని వారానికోసారి ఫోన్ చేసేవాడు. పరీక్షలైపోగానే వస్తానని మాస్టారు మాటిచ్చేశారు, బడి మానేస్తున్నట్టు హెడ్మాస్టరుకీ చెప్పేశారు. మాటిచ్చాకైనా మనసు కుదుటపడుతుందనుకున్నారు. పడలేదు.

అలాంటి రోజుల్లో హెడ్మాస్టరు పిలిచారు.

"మీ క్లాసులో వెనక బెంచీ పిల్ల, పిట్ట అంటారే, నెలగా రావడం లేదట. వాళ్ళింటికెళ్ళి, ఈ ఏడు పరీక్ష రాయించడం లేదని సరేననిపించుకుని రండి. మనకూ గొడవ వదులుతుంది."

"అలాగే" అన్నారు మాస్టారు. ఆ పిల్ల ముఖం గుర్తు తెచ్చుకోబోతే రెండు సన్నటి జడలు తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు.

పిట్ట వాళ్ళ ఇల్లు కుట్టు కార్ఖానాల వెనక ఇరుకు సందులో ఉంది. ఆరేసిన బట్టల కింద తల వంచుకుని నడవాలి. ఎప్పుడెప్పుడు పని ముగించుకుని బయటపడదామా అని మాస్టారి కాళ్ళు తొందరపడుతున్నాయి. ఇల్లు కనుక్కుని తలుపు తట్టబోతూ ఆగిపోయారు. లోపల ఎవరో పాఠం చెబుతున్నారు.

"కొట్టెయ్యకమ్మా! తప్పు రాస్తే రాశావు, అలాగే ఉంచి పక్కన మళ్ళీ రాయి. ఎక్కడ దారి తప్పామో కనబడొద్దూ?"

ఆ మాట మాస్టారిదే. ఆ విరుపూ ఆయనదే. చివరిసారి ఎప్పుడన్నారో ఆయనకే గుర్తు లేదు.

ఓరగా ఉన్న తలుపులోంచి చూశారు. మంచం మీద కాలికి కట్టుతో ఒక ముసలామె. నేల మీద ముగ్గురు ఆడవాళ్ళు, వాళ్ళ ముందు కొలత టేపు, గీతలు గీసిన గుడ్డముక్కలు. వాళ్ళ నడుమ సుద్దముక్క చెవి మీద పెట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని పిట్ట.

ఆయన్ని చూసి పిట్ట గాభరాగా లేచింది. "సార్... మా నాయనమ్మ పడిపోయింది సార్. అమ్మానాన్నా పనికెళ్తారు. దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. అందుకే రాలేదు."

ఆ రోజు కార్ఖానాకు సెలవు కావడంతో తల్లి ఇంట్లోనే ఉంది. కొంగు సర్దుకుంటూ ముందుకొచ్చింది. "మీరేనా సారూ! ఇంట్లో పొద్దస్తమానం మీ మాటే. సారు ఇలా చెప్పారు, సారు అలా గీశారు అని మా ప్రాణం తీస్తుంది."

"నేను దీనికి ప్రత్యేకంగా చెప్పిందేమీ లేదమ్మా."

"ఎందుకు లేదు సారూ? అరంటే ఏంటో ముప్పావంటే ఏంటో తెలీక ఇన్నేళ్ళూ గుండీలు కుట్టడంతోనే సరిపోయింది నాకు. కత్తెర ముట్టుకోనిచ్చేవాళ్ళు కాదు. మీరు దానికి చెప్పారు, అది నాకు చెప్పింది. ఇప్పుడు కటింగు బల్ల దగ్గర నిలబడుతున్నా. మొదటి రోజు కత్తెర పట్టుకుంటే ఏడుపాగలేదు. వీళ్ళూ నేర్చుకుంటామని కూర్చున్నారు." అంతలోనే ఆమె చూపు ఆయన చొక్కా చేతి మీద పడింది. "అయ్యో, మీ గుండీ ఊడిపోయేట్టుంది, ఉండండి" అంటూ సూదీ దారం తెచ్చి, నిలబెట్టే కుట్టేసి, దారం పళ్ళతో తెంపింది. "ఇది మాత్రం నాకెవరూ నేర్పక్కర్లేదు" అని నవ్వింది.

మాస్టారు ఆ గుండీని వేలితో ఒకసారి తడుముకున్నారు.

"ఎందుకొచ్చారు సార్?" పిట్ట అడిగింది.

"నిన్ను పరీక్షలకి రమ్మని చెప్పడానికి" అనేశారు. ఇంటినుంచి బయల్దేరినప్పుడు ఆయన అనుకున్నది అది కాదు.

"మరి నాయనమ్మ?"

మంచం మీంచి ముసలామె అందుకుంది. "నేనేమన్నా లేచి పారిపోతానా? దీన్ని తీసుకుపో నాయనా! రోజంతా ఎక్కాలు అప్పజెప్పి నా చెవులు చిల్లులు పొడుస్తోంది."

అందరూ నవ్వారు. నేల మీద కూర్చున్నవాళ్ళలో పక్కింటావిడ మాత్రం పిట్ట మీద కోప్పడింది. "నాది మధ్యాహ్నం షిఫ్టేగా, పొద్దున నేను చూస్తా. ఆ తర్వాత ఈవిడ ఉంటుంది" అని పక్కన కూర్చున్నామెను చూపించింది. "ఇన్నాళ్ళూ నోరు తెరిచి అడగలేదేమే?"

నోరు తెరిచి అడగాల్సింది ఆ పిల్లా, బడా? ఆ ప్రశ్న మాస్టారిని దారంతా పొడుస్తూనే ఉంది. ఇంటికి పోబుద్ధి కాక వీధులన్నీ తిరిగారు. వెనక బెంచీల్లో కూర్చునేవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే తలుచుకోబోయారు. సగం పేర్లు తట్టలేదు.

మర్నాడు హెడ్మాస్టరు అడిగారు. "ఒప్పుకున్నారా?"

"పరీక్ష రాయడానికి ఒప్పుకున్నారండీ."

"తప్పితే? మన బడి పేరేం కాను?"

"ఒక పిల్లని బయటికి నెట్టి నిలబెట్టుకునే పేరు మనకెందుకండీ? తప్పులు చేసేవాళ్ళ కోసమేగా బడి? అన్నీ వచ్చినవాళ్ళకి మనతో ఏం పని?"

"మీకేం, వెళ్ళిపోతున్నారు. రేపు జవాబు చెప్పుకోవాల్సింది నేను."

"నేను ఎక్కడికీ వెళ్ళడం లేదు" అన్నారు మాస్టారు.

పిట్ట లెక్కల్లో అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. సైన్సు తప్పింది. ఆ ఏడు బోర్డు మీద నూరు శాతం అని రాయలేదు. హెడ్మాస్టరు చాన్నాళ్ళు ముఖం చాటేశారు. బావమరిది అలిగాడు. పిట్ట సైన్సు మళ్ళీ రాసి నెగ్గింది. మాస్టారికి కుదురు మాత్రం ఇప్పటికీ లేదు. అయితే ఇప్పటి తిరుగుడు వేరు. ఎవరైనా పిల్ల బడి మానేసిందని తెలిస్తే సాయంత్రానికల్లా వాళ్ళ గుమ్మంలో ఉంటారు.

ఇది చదివేవారిలో పంతుళ్ళూ పంతులమ్మలూ ఉంటే వారికొక్క మాట. మీరు చెప్పిన పాఠం గాలికి పోయిందని నిరాశ పడకండి. మీకు పేరైనా గుర్తులేని పిల్ల దాన్ని భద్రంగా ఇంటికి మోసుకెళ్ళి ఎవరి బతుకు మారుస్తోందో మీకు తెలియదు. అందుకే, ఎంత వెనక బెంచీలో కూర్చున్నా సరే, ఏ ఒక్క పిల్లనీ వదులుకునే హక్కు బడికి లేదు.