దశరథం కట్టిన స్పీడు డబ్బా

సిరిసిల్లలో సాంచాల మీద బతికినవాడికి ముందు పోయేవి చెవులే. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, ఒప్పుకునేవాడు మాత్రం ఒక్కడూ దొరకడు. ఒప్పుకోనివాళ్ళలో మొదటి పేరు జాబరు దశరథానిది.

జాబరంటే కరెంటు మగ్గాలను, అదే ఆ సాంచాలను, అదుపులో ఉంచేవాడు. షెడ్డు గుమ్మంలో నిలబడి చప్పుడు వింటూనే "మూడోది నెమ్మదించింది, మోటరు పట్టా బిగించండి" అని చెప్పగలగాలి. వేగం తగ్గితే అడ్డనూలు మోసే నాడె అవతలి అంచుకు చేరకుండా పోగుల మధ్యనే ఇరుక్కుంటుంది. అప్పుడిక వందల పోగులు ఒక్క దెబ్బకు తెగుతాయి. బొంబాయి దగ్గరి భీవండి మగ్గాల మీద పన్నెండేళ్ళు పనిచేసి వచ్చిన దశరథం చేతి కింద అలాంటిది ఎన్నడూ జరగలేదు. ఈ పందొమ్మిదివందల అరవై ఏడులో మాత్రం మూడు నెలల్లో మూడుసార్లు జరిగింది.

షెడ్డు యజమాని లింగమూర్తి సేటు మంచివాడే. కానీ ఎంత మంచివాడైనా ఎన్నిసార్లని ఊరుకుంటాడు?

"దశరథం, ఇంకోపారి పోగులు తెగినయంటే నేను వేరే మనిషిని సూసుకుంట. ఏమనుకోకు" అన్నాడు.

ఆ మాటలు దశరథానికి వినపడలేదు, సేటు పెదవుల మీద చదువుకున్నాడు. షెడ్డులో అందరూ చేసేది అదే. పదహారు సాంచాలు ఆడుతుంటే దేవుడు వచ్చి పిలిచినా వినపడదు గనక పెదవులతో, చేతులతోనే మాట్లాడుకుంటారు. అతని చెవుడు మూడేళ్ళుగా ఆ మోతలోనే దాక్కుంది. బయట ఎవరేమన్నా "సరే, సరే" అని తలూపేవాడు. నూటికి తొంభైసార్లు సరేతో పని గడుస్తుంది. మిగిలిన పదీ ఉన్నాయే, కొంప ముంచేవి అవే!

చెవి పని కంటికి అప్పజెబుదామని దశరథం ఆలోచన. భీవండిలో ఇంజనీరు చేతిలో వేగం చూపే మీటరు చూసి ఉన్నాడు. రేడియోలు బాగుచేసే అంబదాస్‌తో బొమ్మ గీయించుకుని, పాత మీటరు ఒకటి, రెండు ట్రాన్సిస్టర్లు సంపాదించి, బిస్కెట్ల డబ్బాలో తన చేత్తోనే కట్టాడు. సాంచ ఇరుసుకు ఒక మేకు బిగించాడు. ఇరుసు తిరిగినప్పుడల్లా ఆ మేకు ఒక ఇత్తడి రేకును ఒకసారి తాకుతుంది. నిమిషానికి ఎన్నిసార్లు తాకిందో డబ్బా మీది ముల్లు చూపాలి. నూట ఇరవై చూపితే సాంచ సవ్యంగా ఆడుతున్నట్టు.

చూపిస్తేనా! చేత్తో తిప్పితే బుద్ధిగా ఉండే ముల్లు, మోటరు వేయగానే రెండువందల నలభై దాకా ఎగిరి అక్కడ గజగజ వణికేది. దశరథం బ్యాటరీలు మార్చాడు. అతుకులన్నీ ఊడదీసి మళ్ళీ టంకం పెట్టాడు. ట్రాన్సిస్టరు వేడికి చెడిందేమోనని కొత్తది వేశాడు. మోటరు కరెంటు సోకుతోందేమోనని డబ్బాను గోడ దాకా జరిపాడు. ఉహూఁ, ముల్లు మొండికేసింది. ఈ తిప్పలన్నీ మోగుతున్న షెడ్డులోనే పడ్డాడు. మోత లేని చోట పనిచేస్తే చెవుడు బయటపడుతుందని అతనికి భయం.

చివరికి డబ్బాను అంబదాస్ దుకాణానికి మోసుకుపోయాడు. అంబదాస్ రెండు తీగలను వేళ్ళతో తాకిస్తూ చూస్తే ముల్లు చక్కగా కదిలింది.

"డబ్బాకేం కాలే దశరథన్నా" అని తలెత్తి చెప్పాడు. మళ్ళీ వంగి, మూత బిగిస్తూ ఇంకేదో అన్నాడు. పెదవులు కనపడలేదు. ఏమన్నావని అడిగితే నోటి ముత్యాలు రాలతాయా? అడగలేదు మహానుభావుడు. "సరే, సరే" అని డబ్బా చంకన పెట్టుకుని వచ్చేశాడు.

అమావాస్యనాడు సాంచాలు బందు. ఆ రోజే డబ్బా చూస్తానని సేటు కబురు పంపాడు. అంబదాస్ కూడా వచ్చాడు. భార్య సరోజన అన్నం గిన్నెతో వచ్చి సాంచకు అవతల నిలబడింది. దశరథం పోగులు తెగకుండా నాడెనూ దాన్ని కొట్టే కర్రనూ విప్పేసి, మోటరుతో ఉత్త ఇరుసునే తిప్పాడు. ముల్లు రెండువందల నలభైకి ఎగిరింది.

"గీ లెక్కన నీ సాంచ రైలు కంటె ముందే బొంబాయి చేరుతది" అని నవ్వాడు లింగమూర్తి.

దశరథం దిక్కుతోచక స్క్రూలు తిప్పుతూ తలెత్తేసరికి సరోజన పెదవులు కదులుతున్నాయి.

"ఆ రేకు రెండుమాట్ల మోగుతుందేంది? టక్కుటక్కు మని?"

అంబదాస్ ముందుకు వచ్చాడు. "గదే గద వదినా! రేకు ఎగిరి రెండో దెబ్బ కొడుతుందేమో, సాంచాలు బందున్ననాడు చెవి వెట్టి ఇనుమని గా దినమే చెప్పిన. అన్న సరే అన్నడు." దశరథం వైపు తిరిగాడు. "ఇనలేదా అన్నా?"

 సరోజన చూపు దశరథం భుజం మీదుగా వెనక్కి పోయింది. ఆమె ముఖం వాడిపోయింది. వెనక నుంచి సేటు తనను పేరు పెట్టి పిలిచి ఉంటాడని, తాను తిరగలేదని దశరథానికి అప్పుడు తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాడు.

అయినా చేతులు ఆగలేదు. రేకును కాస్త వంచి, దాని వెనక సైకిలు ట్యూబు ముక్క దోపాడు. నిమిషం పని. మళ్ళీ మోటరు వేస్తే ముల్లు వెళ్ళి నూట ఇరవై మీద నిలబడింది. పట్టా వదులు చేస్తే దిగింది, బిగిస్తే ఎక్కింది. దశరథానికి పట్టలేనంత సంతోషం వేసింది. బతికిపోయాననుకున్నాడు.

లింగమూర్తి అతని ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"మస్తుగ చేసినవ్ దశరథం. ఇగ చెవులతోని పని లేదు, కండ్లుంటే చాలు. రేపటి సంది నూలు కండెలు చుట్టే బుచ్చిరాములు గా ముల్లు సూసుకుంటడు. పట్టా నడుమ చెయ్యి వడి ఎవలన్న మొత్తుకుంటె నీకు ఇనవడది. నిన్ను లోపట ఎట్ల ఉంచుకుందు? నువ్వు ఇంటికాడ నిమ్మలంగుండు."

ఒక్క అక్షరం పొల్లుపోలేదు, అన్నీ అర్థమయ్యాయి. దశరథం మూడేళ్ళలో మొదటిసారి చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"ఏందన్నవ్ సేటూ? ఇనవడలే" అన్నాడు. ఇంకోసారి అడిగితే మాట మారుతుందేమోనని, పిచ్చివాడు.

లింగమూర్తి అతని భుజం మీద చెయ్యి వేసి, అదే మాటను గట్టిగా, విడమరిచి మళ్ళీ చెప్పాడు.