తోడుగా పంపిన పేక

భర్త శవపేటికలో తన చేతులతో పెట్టిన పేకలోని ముక్క, అతనితో పాటే బూడిదైపోయిందనుకున్న ముక్క, పొద్దున్నే ఇంట్లోని బుద్ధుడి మందిరంలో ధూపపాత్ర కింద కనిపించింది కినుయోకి.

ఇనుప గద పట్టిన రాక్షసుడి బొమ్మ. ఆ వంకర కోరలు భర్త తమేజో గీసినవే. సామెతకో బొమ్మ చొప్పున పేకంతా అతనే గీసుకున్నాడు. రోజూ టీ తాగుతూ ఒక ముక్క లాగడం, దాని మీది సామెతని పడుకునేదాకా మనసులో నానబెట్టుకోవడం అతని అలవాటు.

“అమ్మాయ్, ఇది నువ్వు పెట్టావా?”

కోడలు ఫుయుకో వంటింట్లోంచి తొంగిచూసింది. “నాకు పేకెందుకత్తయ్యా? ఎక్కడ పడితే అక్కడ వస్తువులు వదిలేయడం మామయ్యగారికి మామూలేగా. ఏ అలమార వెనకో ఉండిపోయుంటుంది.”

“ఉండిపోతే నడిచొచ్చి మందిరంలో కూర్చుందా?”

ఫుయుకో నవ్వేసింది. కినుయోకి నవ్వు రాలేదు. ఆమె భయం వేరు.

మంచు తుపానుకి దారులు మూసుకుపోయి తమేజో దహనం వాయిదాపడింది. చివరికి జరిగింది పోయినవాళ్లు తోడు లాక్కుపోతారనే రోజున. తాముండే సాదో దీవిలో దాన్ని ఎవరూ అంతగా పట్టించుకోలేదు. కానీ కినుయో పుట్టిల్లు క్యోటో వైపు. అలాంటి రోజున పేటికలో ఒక బొమ్మని పెట్టి పంపుతారక్కడ. మనిషికి బదులు అది తోడు వెళుతుంది. సమయానికి ఇంట్లో బొమ్మ దొరకలేదు. పేకని మించిన తోడు ఆయనకెవరున్నారని, ఎవరితోనూ అనకుండా దాన్నే అతని మోచేతి పక్కన పెట్టింది. ఏడోరోజు భోజనాల దగ్గర మాత్రం ఆ మాట చెప్పింది.

ఇప్పుడు ఆ తోడు తిరిగొచ్చింది. అంటే, పేక అక్కర్లేదంటున్నాడు. మనిషి కావాలంటున్నాడు.

మర్నాడు ‘దీపం కింద చీకటి’ అనే సామెతకి గీసిన దీపపు స్తంభం బొమ్మ. ఆ మర్నాడు ‘తిరిగే కుక్కకి కర్రదెబ్బ తప్పదు’ అనేదానికి, కర్ర ముందు పరుగెత్తే కుక్క. ఈసారి ఫుయుకో నవ్వలేదు. వాకిలి తలుపు గడియ తడిమి చూసి వచ్చింది. సాదోలో పగలు తలుపులు వేసుకునే అలవాటు లేదు. అయినా వేసింది.

“వేస్తే మాత్రం ఆగుతాడా మీ మామయ్య?” అంది కినుయో.

“మీరలా అనకండత్తయ్యా. నాకు వంటింట్లోకి వెళ్లాలంటే వణుకొస్తోంది.”

పక్కింటి యసాకు తమేజోకి చిన్ననాటి నేస్తం. రోజూ వచ్చి ధూపం వేసి, ఒక కప్పు టీ తాగి పోతాడు. గడియ తీయించుకుని లోపలికొచ్చిన అతనికి ముక్కలు చూపించింది కినుయో. అతను వాటిని ముట్టుకోలేదు.

“మొండివాడు వదినగారూ. ఆట మధ్యలో లేచే రకం కాదు,” అన్నాడు. నవ్వబోయాడు గానీ పెదవులు కదల్లేదు.

ఆ సాయంత్రం మనవరాలు చినామికి జ్వరం తగిలింది. తెల్లారేసరికి ఒళ్లు పెనంలా కాలుతోంది. తండ్రి చేపల పడవ మీద సముద్రంలో ఉన్నాడు. డాక్టరొచ్చి మందిచ్చి, ఊళ్లో అందరికీ ఇదే జ్వరమన్నాడు. కినుయో మనసు ఒప్పుకోలేదు. పిల్ల కళ్లు మూసుకునే గొణిగింది.

“నానమ్మా, తాతయ్య పేక తెచ్చాడా? నన్ను ఆడుకోడానికి రమ్మన్నాడా?”

కినుయో లేచింది. తడబడుతూ మందిరం దగ్గరికి నడిచింది. తలుపులు బార్లా తెరిచి, భర్త ఫొటో ముందు చాప మీద నుదురు ఆనించింది.

“ఏమయ్యా, నీకు బుద్ధుందా? తోడు కావాలంటే ముసలిదాన్ని, నేను లేనూ? నలభయ్యేళ్లు నీ గురక భరించినదాన్ని, అక్కడికొచ్చి భరించలేనూ? పసిపిల్లని వదిలెయ్. ఇవాళే వస్తాను. నన్ను తీసుకుపో.”

వెనక ఏదో చాప మీద రాలిన చప్పుడు. కినుయో కెవ్వుమంది.

గుమ్మంలో యసాకు. డాక్టరు వెళ్లాక ఎవరూ గడియ వేయలేదు. అతని కాళ్ల దగ్గర ఒక పేకముక్క బోర్లా పడి ఉంది. అతను మోకాళ్ల మీద కూలబడి, తల నేలకి ఆనించాడు.

“నేనే వదినగారూ. మూత వేసేముందు మీరందరూ పూలు పెడుతుంటే, నేను పేక తీసి చేతిసంచిలో వేసుకున్నాను. రోజూ వాడు లాగిన ముక్క మీద ఇద్దరం పోట్లాడుకునేవాళ్లం. అదీ కాలిపోతే నాకింక పొద్దెలా గడుస్తుందని తీశాను. అది మనిషికి బదులు పెట్టిందని నాకేం తెలుసు? ఏడోరోజు మీరు చెప్పాకే తెలిసింది. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు, గాలికి తలుపు కొట్టుకున్నా వాడే వచ్చాడనుకుంటున్నాను. అంతా ఒక్కసారే తెచ్చిపెడితే దొంగనని తెలిసిపోతుంది. అందుకే రోజూ పొద్దున్నే ఒకటి లాగి, కాసేపు ఆలోచించి, మీరు లేవకముందే గడియ లేని పెరటి తలుపులోంచి వచ్చి వాడి ముందు పెట్టాను. ఇవాళ ఆలస్యమైంది. మీరు భయపడుతున్నారని తెలిసీ నోరు విప్పలేదు, సిగ్గుతో చచ్చాను. తోడు ఎత్తుకుపోయింది నేను. వాడికి మనిషే కావాలంటే ముందు నేనున్నాను. పాప జోలికి రావద్దని చెప్పండి వదినగారూ. మీ మాటైతే వింటాడు.”