నాలో మూడు గడ్డలు

నేను ఒక రబ్బరు రొమ్మును. ముఖం చిట్లించకండి, నన్ను చేసిందే ఆడవాళ్లు పట్టి చూడడానికి. అచ్చులో పోసేటప్పుడే నాలో మూడు గడ్డలు దాచారు. శనగగింజంత ఒకటి, బఠాణీ అంత ఒకటి, రేగుపండంత ఒకటి. దాచిన మేస్త్రీయే అన్నం తిని వచ్చి, ఎక్కడ పెట్టానా అని పొద్దుగూకేదాకా వెతుక్కున్నాడు. నమ్మితే నమ్మండి.

నిజామాబాద్ వైపు ఒక బీడీల ఊళ్లో ఆశా కార్యకర్త సుగుణ చేతికి చేరాను. రొమ్ములో గడ్డ పుడితే ముందుగానే ఎలా పసిగట్టాలో నా మీద చూపించి నేర్పడం ఆమె పని. ఆమె గుడ్డసంచిలో టిఫిను డబ్బా పక్కన నా కాపురం. ఒకసారి బస్సులో కండక్టరు, లగేజీ టికెట్టు కొట్టాల్సిందేనని పట్టుబట్టి సంచి తెరిచాడు. తెరిచినవాడు తెరిచినట్టే మూసి, ముందు డోరు దాకా వెళ్లి నిలబడ్డాడు. ఆనాటి నుంచి ఆ డిపోలో ఏ కండక్టరూ ఆ సంచి జోలికి రాలేదు.

లసుంబాయి ఇంటి వసారాలో పదిమంది ఆడవాళ్లు కూర్చుని బీడీలు చుట్టేవారు. మొదటిరోజు నన్ను బయటికి తీయగానే కొంగులు నోళ్లకు అడ్డం పోయాయి. అందరిలో పెద్దది సాయవ్వ, దీనికి ముందు పైట కప్పమంది. నవ్వులయ్యాక నన్ను చేతులు మార్చారు. బీడీలు చుట్టే వేళ్లు మామూలువి కావు. పట్నంలో చదువుకునే నర్సు పిల్లలు పావుగంట తడుముకున్న గడ్డలను వీళ్లు రెండు నిమిషాల్లో పట్టేశారు. పట్టి, నన్ను పక్కామెకు అందించి, చేటలు మళ్లీ ఒళ్లోకి లాక్కున్నారు. తమ ఒంటి మీదికి మాత్రం ఒక్క చెయ్యీ పోలేదు. జబ్బు నాకే అనుకున్నారో ఏమో.

చివరికి లసుంబాయి వంతు వచ్చింది. ఆమె వేళ్లు వెతకలేదు. సూటిగా రేగుపండు మీదికి వెళ్లి ఆగాయి. బొటనవేలు దాన్ని నలపడం మొదలుపెట్టింది. తంబాకులో ఉండ తగిలితే వీళ్లు చేసే పని అది. నలిపి పొడి చేయకపోతే బీడీ మధ్యలో ఆరిపోతుంది. నాలోది పొడి అయ్యే రకం కాదు. అయినా ఆమె వదలలేదు.

సుగుణ చూపు ఆ బొటనవేలి మీద పడింది.

"అందరు దేవులాడిండ్రు. నువ్వేంది లసుమక్కా, నలుపుతున్నవ్?"

లసుంబాయి బొటనవేలు ఆగలేదు.

"ఇంట్ల గూడ గిట్లనే నలుపుతున్నవా?"

"ఆర్నెల్లాయె," అంది లసుంబాయి తల ఎత్తకుండా. "తానం జేసేటప్పుడల్లా నలుపుతున్న. కరుగుతలేదు."

ఆకు కత్తిరిస్తున్న కత్తెరల చప్పుడు ఆగిపోయింది.

అది నలిపితే కరిగేది కాదనీ, రేపు పొద్దున్నే పెద్దాసుపత్రికి పోదామనీ సుగుణ అంది. నొప్పే లేనిదానికి ఆసుపత్రి ఎందుకంది లసుంబాయి. నొప్పి లేదనే కదా అందరూ ఊరుకునేది, అంది సుగుణ. అయితే బీడీల ఆకు నానబెట్టాను, రేపు చుట్టకపోతే పాడవుతుందని మరో సాకు. సాయవ్వ లేచింది. లోపలికి వెళ్లి, తడి గోనెలో ఉన్న తునికాకంతా తెచ్చి తలా ఇంత అందరి చేటల్లో పంచేసింది.

"ఇగ నీకు ఆకు లేదు. పో."

సూది పరీక్షలో క్యాన్సరని తేలింది. ఇంకా చంకలోకి పాకలేదట. ఆపరేషన్ చేసి ఎడమ రొమ్ము తీసేశారు, తర్వాత నెలల తరబడి మందులు ఎక్కించారు. ఇంకో ఏడాది నలుపుతూ కూర్చుంటే ఏమయ్యేదో డాక్టరమ్మ చెప్పలేదు, సుగుణ అడగలేదు.

ఎనిమిది నెలలకు లసుంబాయి మళ్లీ వసారాలో చేట ముందు కూర్చుంది. తలమీద జుట్టు అప్పుడే మొలకెత్తుతోంది. జాకెట్టు ఒక పక్క ఖాళీ. అందరూ అటు చూడకుండా ఉండడానికి తెగ కష్టపడుతున్నారు. సుగుణ సంచిలోంచి నన్ను తీసింది. లసుంబాయి నన్ను మోచేత్తో పక్కకు నెట్టింది.

"దీన్ని ఆడ వెట్టు. నాకు రెండోదిక్కు ఎట్ల జూసుకోవాలెనో మల్లొక్కసారి జెప్పు."

సుగుణ చెప్పింది. మూడు వేళ్లు చదునుగా ఆనించాలి, గుండ్రంగా, నిదానంగా, చంక దాకా. లసుంబాయి చెయ్యి పైట కిందికి వెళ్లింది. కాసేపటికి సాయవ్వది కూడా. తర్వాత ఒక్కొక్కరివే.

ఆరోజు నన్ను ముట్టినవారు లేరు. చాప అంచున వెల్లకిలా పడి, తంబాకు దుమ్ము నా మీద రాలుతుంటే వసారా కప్పు చూస్తూ ఉండిపోయాను. పుట్టి బుద్ధెరిగాక నాకు దొరికిన మొదటి సెలవు అదే.